రేడియో వ్యాసంగము – మన కొండసీమ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుటకు ఒకనాటి ఉత్సాహము చాలును. వానిని చెదలనుండియు, ఈ కొండలలోని వానతేమనుండియు కాపాడి, అడిగినవారికి అడిగినట్లు అందించుటకు నిత్యమైన ఓర్పు కావలెను. ఆ ఓర్పు చూపిన మీకందరకును నమస్కరించి, నాకు నియమించిన విషయమునకు వచ్చుచున్నాను.

ఎలక్ట్రానిక్సు వ్యాసంగమును గూర్చియు, దానితోడి అభిరుచులను గూర్చియు మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. పేరు పెద్దదిగా కనిపించినను విషయము సులభమైనదే. రేడియోను, చేతిదీపమును, శబ్దపు పెట్టెను విప్పి చూచి, అది పనిచేయు తీరు తెలిసికొని, చెడినచో బాగుచేసి, వీలైనచో క్రొత్తది కూర్చుటయే ఈ వ్యాసంగము. దీనిని జీవనోపాధిగా చేయువారు మెకానిక్కులు. ఉబలాటముకొలది చేయువారు ఔత్సాహికులు. ఈ ఔత్సాహికుల దినచర్యను గమనించినచో వారికి మూడు మక్కువలు గలవని తెలియును. మొదటిది విడిభాగములు అమ్ము దుకాణము. రెండవది కొండలెక్కుటవంటి సాహసక్రీడ. మూడవది భోజనము. ఈ మూడింటికిని పొత్తేమని మీరడుగవచ్చును. అరకులోయలో నిలిచి చూచినచో ఆ పొత్తు చక్కగా తెలియును. ఈ వ్యాసంగము వట్టి కాలక్షేపము కాదనియు, తీగలు తెగిన దినమున ఊరిని ఆదుకొనగల విద్య యనియు, దానికి తగిన చోటు గ్రంథాలయమే యనియు మీకు నచ్చజెప్పుట నా ఉద్దేశము.

గ్రంథాలయమునకును రేడియోకును గల బంధుత్వము క్రొత్తది కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిదప ఊరూర పఠనమందిరములు వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ గట్టున గల గ్రామములకు చేర్చిరి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. ఆ దినములలో అనేక గ్రామములందు పంచాయతీ రేడియో ముందు జనము గుమిగూడి వార్తలు, వ్యవసాయ విషయములు వినెడివారు. చదువు రానివారికి ఆ రేడియోయే పుస్తకము. పడవమీద పుస్తకము వెళ్లినట్లే గాలిమీద మాట వెళ్లినది. రెండింటి ధర్మమును ఒక్కటే: తెలిసినదానిని తెలియనివారి చెంతకు చేర్చుట.

ఈ విద్యలో మొదటి పాఠము బహు చౌక. గెలీనా అను సీసపు ఖనిజపు ముక్క, కొంత రాగితీగ, చెవికి పెట్టుకొను ఫోను ఉన్నచో బ్యాటరీ లేకయే రేడియో పలుకును. అట్టి స్ఫటికము విద్యుత్తరంగములను పసిగట్టునని గ్రహించి 1904లో అమెరికా పేటెంటు పొందినవారు మన జగదీశచంద్ర బోసుగారు. తీగ చుట్టుటకు ఎండిన వెదురుబొంగు ముక్క చాలును. ప్రసార కేంద్రమునకు చేరువనున్న వారికి ఈ పరికరము స్పష్టముగా వినిపించును. కొండల చాటున నున్న మనకు మాత్రము ధ్వని పెంచుటకు ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు జతపరుపవలసి యుండును. ఆ రెండింటిని జతపరచునప్పుడే పిల్లవానికి అసలైన చదువు మొదలగును. ఏ కాలు దేనికి తగిలించవలెనో తప్పినచో పరికరము పలుకదు. అది బెత్తములేని గురువు. మొగమాటము లేనిది కూడ.

ఇక దుకాణములు. ఔత్సాహికునకు విడిభాగముల దుకాణము తీర్థస్థలము వంటిది. విశాఖపట్టణమున దాబాగార్డెన్సు, హైదరాబాదున కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నపట్టణమున రిచీ వీథి, ఢిల్లీలో లజపతిరాయ్ మార్కెట్టు ఇట్టి అంగళ్లకు పేరుపొందినవి. జపాను రాజధాని టోకియోలో అకిహబరా అను పేట కలదు. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట రేడియో భాగములమ్ము చిన్న చిన్న కొట్లతో పెరిగి, అది లోకమంతట పేరుగన్నది. శిథిలమైన నగరమున, చేతిలో డబ్బు లేని జనము రేడియోలు తామే కూర్చుకొన నారంభించిరి. ఆ కొట్లు ఆ విద్యతోపాటు వృద్ధిపొందినవి. దుకాణము సరకు అమ్ము చోటు మాత్రమే కాదు, విద్య చేతులు మారు చోటు కూడ అనుటకు ఇది నిదర్శనము.

మనకు విశాఖపట్టణము నూటపదిహేను కిలోమీటర్లకు చేరువ దూరమున నున్నది. పది రూపాయల భాగమునకై ఘాటు దారిని దిగి వెళ్లుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేత కొండసీమ ఔత్సాహికుడు రెండు పాఠములు నేర్వవలెను. మొదటిది, దుకాణమునకు వెళ్లుటకు ముందే కావలసినదానిని విలువతో సహా వ్రాసికొనుట. “రేడియోలోని చిన్న ముక్క” అనినచో దుకాణదారుడు ఏమి ఇయ్యగలడు? చెడిన భాగమును వెంట తీసికొనిపోవుట మరింత మేలు. రెండవది, పాతవానిని పారవేయకుండుట. మూలబడిన టేపురికార్డరులో స్పీకరు ఉండును, మీటలుండును, మంచి తీగ ఉండును. ఓపికతో ఊడదీసి డబ్బాలలో పేర్లు వ్రాసి పెట్టుకొన్నచో అదియే ఇంటి దుకాణము. రాగి కొరకు తీగలను కాల్చుట మాత్రము తగదు. పైతొడుగు కాలినప్పుడు వచ్చు పొగ విషతుల్యము. పనికిరాని బ్యాటరీలను గెడ్డలో పారవేయుట అంతకంటె పాపము. ఆ నీటినే దిగువ ఊరివారు త్రాగుదురు.

ఇక్కడ ఒక చిన్న విషయము చెప్పవలెను. విద్యుత్తును అడ్డగించు రెసిస్టరు అను భాగము మీద అంకెలుండవు, రంగు చారలుండును. నలుపు సున్న, గోధుమరంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలము ఆరు, ఊదా ఏడు, బూడిదరంగు ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి రెండు చారలు అంకెలు. మూడవ చార వాని ప్రక్కన ఎన్ని సున్నలు పెట్టవలెనో తెలుపును. గోధుమ, నలుపు, ఎరుపు అయినచో ఒకటి, సున్న, ఆ పైన రెండు సున్నలు. అనగా 1,000 ఓములు. దీనిని చదువుటకు ఇంగ్లీషు అక్కరలేదు. సంతలో పూసల పేరులను రంగుల వరుస తప్పక గ్రుచ్చు మన ఆడపడుచులకు ఇది ఒక పూటలో పట్టుబడును. కువి మాటలాడు పిల్లకైనను, ఆదివాసీ ఒడియా మాటలాడు పిల్లవానికైనను, తెలుగు పిల్లలకైనను ఈ రంగుల భాష ఒక్కటే. ఈ విద్య పట్టణవాసులది అని మనము వెనుదీయుటకు కారణము లేదు.

రెండవ మక్కువ సాహసక్రీడ. రేడియో ఔత్సాహికునకు కొండ యెందుకు? కొత్తవలస–కిరండూలు రైలుమార్గమున ప్రయాణించినవారికి దీని జవాబు అనుభవమే. ఆ మార్గమున 58 సొరంగములు గలవు. సొరంగము రాగానే చేతిలోని ఫోను మూగబోవును. వెలికి రాగానే మరల పలుకును. హ్రస్వమైన తరంగములు వెలుతురువలె సూటిగా పోవును. రాయి అడ్డమైనచో దాటలేవు. అందుచేత శిఖరముపై నిలిచినవాని మాట దూరము పోవును, లోయలోనివాని మాట లోయలోనే నిలిచిపోవును. తూర్పు కనుమలలో 1,600 మీటర్లకు మించిన శిఖరములు మన పాడేరు, అరకు ప్రాంతముననే గలవు. చిన్న రేడియోతో శిఖరమెక్కి, అక్కడనుండి ఇతర ఔత్సాహికులతో మాటలాడు క్రీడ యొకటి 2002లో బ్రిటనులో మొదలై పలు దేశములకు వ్యాపించినది. అట్టి క్రీడకు మన కొండలు మిక్కిలి అనువైనవి.

మరియొక క్రీడ దాగిన స్టేషనును వెదకుట. లైసెన్సు గలవాడొకడు చిన్న ప్రసార యంత్రమును చెట్ల నడుమ దాచును. తక్కినవారు తీగచట్రముగల రేడియోలు చేతబట్టి వెదకుదురు. చట్రపు అంచు స్టేషనువైపు తిరిగినప్పుడు ధ్వని హెచ్చును. చట్రపు ముఖము తిరిగినప్పుడు క్షీణించును. రెండు చోట్లనుండి ఆ దిశలను పటముమీద గీచినచో గీతలు కలిసిన చోటనే స్టేషను ఉండును. ఇందు కాళ్లకు పరుగు, చెవికి శిక్షణ, బుద్ధికి లెక్క మూడును ఒక్కసారే లభించును. వినువారికి లైసెన్సు అవసరము లేదు గనుక బడిపిల్లలును పాల్గొనవచ్చును.

2017 నవంబరులో అరకులో వేడిగాలి బెలూన్ల ఉత్సవము జరిగినది. బెలూనులో పైకెగిరినవారు నేలమీది తమ బండివారితో రేడియోలోనే మాటలాడుదురు. గాలి ఎటు కొట్టుకొనిపోయినను దిగు చోటు తెలుపుటకు అదియే ఆధారము. ఎగిరెడివారికిని, కొండలెక్కువారికిని రేడియో ఆటవస్తువు కాదు, ప్రాణరక్షణ సాధనము.

అయితే సాహసమునకును తెగింపునకును భేదము కలదు. ఆపదను ముందే ఎరిగి, దానికి తగిన జాగ్రత్త తీసికొని ముందుకు పోవుట సాహసము. ఎరుగక దుముకుట తెగింపు. నాలుగు నియమములను మీ పిల్లలకు తప్పక చెప్పుడు. ఉరుము వినబడినచో శిఖరమును విడిచి దిగవలెను, ఏరియల్ తీగను రేడియోనుండి ఊడదీయవలెను. కరెంటు తీగల చేరువను ఏరియల్ కట్టరాదు. తెగి ఎటు పడినను విద్యుత్తీగను తాకని చోటనే కట్టవలెను. మన రైలుమార్గము మీది తీగలో 25,000 వోల్టులు ప్రవహించుచుండును; అచ్చట పొరపాటు రెండవసారి చేయుటకు మనిషి మిగులడు. వానకాలమున గెడ్డ దాటరాదు, నాచుపట్టిన రాతిమీద నడువరాదు. చాపరాయివంటి చోట్ల నునుపైన బండపై జారు నీటిని చూచి మురియవచ్చును గాని, దానిని నమ్మరాదు. నాలుగవది, ఎక్కడికి పోవుచున్నదియు, ఎప్పుడు తిరిగి వచ్చెదమన్నదియు దిగువ ఊరిలో ఒకరికి చెప్పి మరీ బయలుదేరవలెను.

కొండ మీది దారులు అచ్చటి ఊరివారికే బాగుగా తెలియును. బయటినుండి వచ్చినవారు వారిని అడిగి, వారి పొలము త్రొక్కక, కాఫీ తోటలో ప్రవేశించుటకు అనుమతి పొంది నడుచుకొనవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు, క్షేమము కూడ.

మూడవది భోజనము. ఈ మాట రాగానే సభలో ముఖములు వికసించుచున్నవి! కొండ ఎక్కువానికి కడుపున నిలుచు ఆహారము కావలెను. మన చోడి అంబలి, సామల అన్నము, ఉడికించిన దుంపలు ఇందుకు సాటిలేనివి. పట్టణమునుండి వచ్చు ఔత్సాహికులు రంగుకాగితపు పొట్లములు మోసుకొని వచ్చి, తిని, ఆ కాగితములను కొండమీదనే విడిచిపోవుదురు. అడ్డాకులో కట్టిన అన్నమునకు ఆ దోషము లేదు.

బొంగులో కోడికూర నేడు దేశమంతట ప్రసిద్ధి పొందినది. పచ్చివెదురు గొట్టములో మసాలా పట్టించిన మాంసమును కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద త్రిప్పుచు కాల్చుదురు, నూనె అక్కరలేదు. పచ్చివెదురులో నీరుండుట చేత గొట్టము వెంటనే కాలిపోదు, లోపలి మాంసము ఆ ఆవిరితోనే ఉడుకును. ఏరియల్ నిలుపుటకు మాత్రము ఎండువెదురు కావలెను. తడిసిన కొయ్య కొంత విద్యుత్తును జారవిడుచును గనుక పచ్చివెదురు అందుకు పనికిరాదు. పచ్చిది వంటకు, ఎండినది ఏరియల్‌కు! ఒకే పొదనుండి ఔత్సాహికునకు స్తంభమును, విందును లభించు సీమ మనది.

మన కాఫీని మరువరాదు. సిల్వరు ఓకు చెట్ల నీడలో, మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు పండించు అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాత్రివేళ దూరపు స్టేషన్లకై చెవియొగ్గి కూర్చుండువారికి ఆ కాఫీయే తోడు. జీలుగు కల్లు సంగతి మాత్రము వేరు. పండుగనాడు పెద్దల నడుమ దాని స్థానము దానికున్నది. కల్లు త్రాగి కొండ యెక్కుటయు, కాలుచున్న సోల్డరింగు కడ్డీ పట్టుటయు రెండును కూడవు.

భోజనమునకును ఈ పనికిని సంబంధించిన ముఖ్యమైన జాగ్రత్త యొకటి కలదు. భాగములను అతుకు సోల్డరులో సాధారణముగా తగరముతోపాటు సీసము కలిసియుండును. సీసము కొంచెము కొంచెముగా ఒంటిలో చేరినను హానికరము. పసిపిల్లల మెదడునకు మరింత కీడు. కనుక పని చేసిన చేతులను సబ్బుతో కడుగక అన్నము ముట్టరాదు. పనిబల్లమీద తినుబండారములు ఉంచరాదు. కిటికీ తెరచి, పొగ ముఖమునకు తగులకుండ పని చేయవలెను.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది వినోదము. ఇక వినోదము విధిగా మారు సందర్భమును చెప్పెదను.

హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ స్థాపితమైనది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్‌గారి నాయకత్వమున ఒక జట్టు అండమాను దీవులలోని పోర్టుబ్లెయిరుకు, అనగా నేటి శ్రీ విజయపురమునకు వెళ్లినది. వారు పోయినది ఆట కొరకే: అరుదుగా వినిపించు ఆ దీవులనుండి ప్రపంచమందలి ఔత్సాహికులతో మాటలాడుటకు. డిసెంబరు 26న సునామి వచ్చినది. టెలిఫోనులు మూగబోయినవి. ఆటకు తెచ్చిన యంత్రములే ఆపద్వార్తలు మోసినవి. తమవారి క్షేమమును గూర్చి తల్లడిల్లు కుటుంబములకు వానిద్వారా కబురు చేరినది. ఆ జట్టు ఆ దినమున క్రొత్తగా ఏమియు నేర్చుకొనలేదు. అంతకు ముందు ఆటగా నేర్చినదే అక్కరకు వచ్చినది.

మన సంగతి చూడుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. నగరములోనే కరెంటు లేక సెల్‌ఫోను స్తంభములు అనేకము ఆగిపోయినవి. మన్యమున కాఫీ తోటలలోని నీడచెట్లు వేలకొలది కూలినవి. పట్టణమే పలుకనప్పుడు కొండమీది గూడెము మాట ఎవరు విందురు? రోగిని డోలీ కట్టి మోసికొనివచ్చు గూడెములు మన చుట్టును ఉన్నవి. బండి దారి వరకు డోలీ వచ్చుసరికి అచ్చట వాహనము సిద్ధముగా నుండుటకు ముందు ఒక కబురు చేరవలెను. ఆ ఒక్క కబురు ఒక ప్రాణము కావచ్చును.

కొండలు తరంగములకు అడ్డమని ఇంతకుముందే చెప్పితిని. అయినను దీర్ఘమైన తరంగములకు ఒక ఉపాయము కలదు. ఏడు మెగాహెర్ట్‌జుల రేడియోకు సుమారు ఇరువది మీటర్ల రాగితీగను, నడిమికి తెంచి, పది పదునైదు అడుగుల ఎత్తున వెదురు గుంజలపై కట్టినచో, పగటివేళ తరంగములు నిటారుగా ఆకాశమునకు పోయి, పైనున్న విద్యుత్పొరకు తగిలి, చుట్టుపట్ల వందల కిలోమీటర్ల మేర వానజల్లువలె దిగివచ్చును. వాన కొండకును లోయకును సమానముగా కురియునట్లు, ఈ మాట లోయలోనివారికిని వినబడును. దీనికి ఎత్తైన స్తంభము అక్కరలేదు, సెల్‌ఫోను గోపురము అక్కరలేదు. పండ్రెండు వోల్టుల బ్యాటరీ, దానిని నింపుటకు చిన్న సూర్యఫలకము చాలును.

అయితే ప్రసారము చేయుటకు కేంద్రప్రభుత్వపు లైసెన్సు ఉండి తీరవలెను. లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరము. దానికై పరీక్ష ఉండును. 1978లో ఏర్పడిన నియమములు పండ్రెండేండ్ల బాలునకు సయితము ఆ పరీక్ష వ్రాయు అవకాశమొసగినవి. అందు అడుగునది విద్యుత్తు, రేడియో మూలసూత్రములు, నియమావళి. హైస్కూలు పిల్లవాడు ఓపికతో చదివినచో గట్టెక్కగలడు.

అందుచేత నేను ఈ సభాముఖమున గ్రంథాలయమును కోరునది ఒక్కటే. పుస్తకముల బీరువాల ప్రక్కన ఒక బల్ల వేయుడు. దానిమీద ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగు కడ్డీ, పాత రేడియోలు రెండు మూడు, విడిభాగముల డబ్బా ఉంచుడు. వారమునకొక సాయంకాలము తెలిసినవారు కూర్చుండి తెలియనివారికి నేర్పవలెను. బాలురకు ఎంతయో బాలికలకును అంతయే చోటుండవలెను. ప్రతి మరమ్మతును ఒక పుస్తకమున తెలుగులో వ్రాయవలెను: ఏ జబ్బు, ఎట్లు కనిపెట్టితిమి, ఏమి మార్చితిమి, ఎంత ఖర్చైనది. అయిదేండ్లు గడచుసరికి అట్టి పుస్తకము ఏ అంగడిలోను దొరకని గ్రంథమగును. కొంతకాలమునకు మన పిల్లలలో ఇద్దరు ముగ్గురు పరీక్ష నెగ్గి లైసెన్సు పొందినచో, తుపాను దినమున ఈ గ్రంథాలయము మాట పలుకగల ఇల్లు కాగలదు.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక చందాదారుడు పాత రేడియోను ఇయ్యవచ్చును, ఒకరు బల్లను, ఒకరు వారమునకు రెండు గంటల కాలమును. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకమును కాపాడిన చేతులు ఈ చిన్న బల్లను కాపాడలేవా? స్వర్ణోత్సవమునాటికి ఆ బల్ల దగ్గర నేర్చినవారు ఈ వేదిక నెక్కి, తాము కబురందించి కాపాడిన ప్రాణమును గూర్చి చెప్పు భాగ్యము మన గ్రంథాలయమునకు కలుగుగాక!